సూర్యుడి కౌలు

నెల్లివాడలో బస్సు దిగేటప్పటికే అప్పలనరసింహం దాసుగారికి కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. తండ్రి నాటి నుంచి ఆ ఊళ్లో శ్రీరామనవమి హరికథ ఆ కుటుంబానిదే. దూరంగా రామతీర్థం కొండ కనపడగానే దాసుగారు ఠీవిగా గొంతు సవరించుకునేవాడు. ఈసారి కొండకంటే ముందు నల్లటి సోలార్ పలకలు కనపడ్డాయి. గోగు, నువ్వులు, చోళ్లు పండిన మెట్టంతా ఊరి చివర పారే గెడ్డ దాకా వాటి కిందే ఉంది. చుట్టూ ఇనుప కంచె.

నిజం చెప్పొద్దూ, ఆ పలకలు రావడంలో దాసుగారి గొంతుకీ వాటా ఉంది.

రెండేళ్ల కిందట ఆ పలకల కంపెనీ తరఫున దీక్షిత్ అనే కుర్రాడు విజయనగరంలో ఆయన ఇంటికొచ్చాడు. బొగ్గు కాల్చీ కాల్చీ ఎండలు ముదిరిపోతున్నాయనీ, తుఫానులు పెరిగిపోతున్నాయనీ చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. హుద్‌హుద్‌కి పాత ఇంటి పెంకులు ఎగిరిపోయిన మనిషికి తుఫాను సంగతి ఒకరు చెప్పాలా? "కథ మధ్యలో ఒక్క పిట్టకథ చెప్పండి చాలు సార్, ఆ ఊరికి మీ మాటే వేదం" అన్నాడు కుర్రాడు. అందుకు మెచ్చుకోలుగా దాసుగారి డాబా మీద పలకలు ఊరికే బిగించి వెళ్లాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఫ్యాను పగలంతా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు బెంగ లేదు. భార్య జగదీశ్వరి ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ దీవిస్తుంది.

పిట్టకథ ఎంత బాగా కుదిరిందనీ! అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఈ మెట్టపొలాలను చూసి జాలిపడి, రైతు వేషంలో దిగొచ్చి, "ఆ చెక్క పొలం నాకు కౌలుకియ్యవయ్యా, వాన కురవకపోయినా నీ కౌలు ఎగ్గొట్టను" అని భూమిగల ఆసామితో గట్టు మీద బేరమాడతాడు. దాసుగారు నడుముకి తువ్వాలు బిగించి, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఆ బేరం ఆడి చూపిస్తుంటే పందిరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ముందురోజు దాకా కౌలుకు చేసుకునేవాళ్లు గొణుగుతూనే ఉన్నారు, భూములు కంపెనీకిస్తే మేమేమైపోవాలని. ఆ నవ్వులో వాళ్ల గొణుగుడు కొట్టుకుపోయింది, వాళ్లూ నవ్వారు మరి! పట్టాలున్నవాళ్లు సంతకాలు పెట్టారు. కంపెనీ ఇచ్చే అద్దె వాళ్లకి ఠంచనుగా అందుతోంది. కౌలువాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు కాబట్టి వాళ్లకేమీ రాలేదు.

నిరుడు గొంతు బాగులేదని వంక పెట్టి దాసుగారు కథ తప్పించుకున్నాడు. ఈ ఏడు ఊరి పెద్దరైతు ధనరాజ్ పట్టు పట్టాడు, కారు పంపిస్తానన్నాడు. కారొద్దని చెప్పి దాసుగారు బస్సెక్కాడు, అదొక్కటే ఆయన చూపించగలిగిన పౌరుషం.

కథకు ముందు జగన్నాధం ఇంటి అరుగు మీద మజ్జిగ తాగడం, కథయ్యాక వాళ్ల చాటలోని కొత్త గింజలు ఉత్తరీయంలో పట్టడం పాత ఆనవాయితీ. జగన్నాధం ధనరాజ్ పొలాన్నే కౌలుకు చేసేవాడు. ఆ ఇంటిముందు నుంచి వెళ్లలేక వెనక సందులోంచి జారుకుందామనుకున్నాడు పెద్దమనిషి! జగన్నాధం భార్య లక్ష్మణమ్మ చూడనే చూసింది.

"ఏటి దాసుగోరూ, ఇల్లు మర్సిపోనారేటి? ఇలాగ రండి, కూకోండి."

కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు చేతికొచ్చింది. "జగన్నాధం ఏడమ్మా?"

"సాలూరెల్లిపోనాడండి, లారీ మీద క్లీనరుగా. ఈ వయసులో ఏటి నీకు అంటే ఇంటాడా? నాను మరి కంపెనీలో పలకలు కడుగుతానంటే, మిషనున్నాది, నువ్వక్కర్నేదన్నారు." ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది దాసుగారికి.

"ఒకటడుగుతాను, ఏటనుకోకండి" అంది లక్ష్మణమ్మ కొంగు సర్దుకుంటూ. "మీ సూర్యుడి కతంటే మా ఆయనకి పేణం. అయితే అందులో ఒక మడిసి తగ్గినాడండి. సూర్యుడు రాకముందు ఆ పొలం దున్నినోడు ఒకడు ఉండుంటాడు కదేటి? ఆడేటైపోనాడు? మీరు సెప్పడం మర్సిపోయుంటారు. ఈయేల సెప్పండి. మా ఆయన ఫోన్లో ఇంటానన్నాడు."

దాసుగారికి చెవులు వేడెక్కిపోయాయి. ఆవిడ వెటకారమాడలేదు. ఆవిడకి కథ కావాలి, అంతే.

"చెప్తానమ్మా" అని లేచాడు. సగం మజ్జిగ గ్లాసులోనే ఉండిపోయింది.

పొద్దుగూకింది. పందిట్లో సీతాకల్యాణం సగంలో ఉండగా ముందు కుర్చీలోంచి ధనరాజ్ కేకేశాడు. "దాసుగారూ! మన సూర్యుడి కథ పడాలి!" జనం ఈలలు వేశారు. లక్ష్మణమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చుని ఫోను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

దాసుగారు మొదలుపెట్టాడు. బేరం నడిచింది, నవ్వులు నడిచాయి. "మరి అంతకుముందు ఆ పొలం దున్నిన పాత కౌలుదారు ఏమయ్యాడయ్యా అంటే..." అనేసి ఆగిపోయాడు. చేతిలో చిరతలు ఆగిపోయాయి. ఆ మనిషిని నేనే కథలోంచి తీసేశాను, నాకు సిగ్గుగా ఉంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ధనరాజ్ కుర్చీలో కదిలాడు. పందిరంతా దాసుగారి నోటికేసే చూస్తోంది. పాడు గొంతు! సభ కనపడితే దానికి సిగ్గుండదు.

"...సూర్యభగవానుడు వాణ్ణి పిలిచి, ఒరే నాయనా, నీ పొలంలోకి నేను దిగాను కదా, నా బండి ఎక్కడానికి మనిషి లేడు, ఎక్కి పగ్గాలు పట్టరా అన్నాడట! వాడు రథమెక్కి లోకమంతా తిరుగుతున్నాడట!"

చప్పట్లతో పందిరి అదిరిపోయింది. ధనరాజ్ లేచి శాలువా కప్పాడు. లక్ష్మణమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. తాను మళ్లీ అదే పని చేశానని దాసుగారికి తెలుసు. శాలువా కింద ఒళ్లంతా చెమట పట్టింది.

కథ ముగిశాక లక్ష్మణమ్మ చాటతో వచ్చింది. చంకలో చాట, చేతిలో ఫోను. "మాటాడండి, మా ఆయన మీతో మాటాడతాడంట."

"దాసుగోరూ!" జగన్నాధం గొంతు సంబరంగా ఉంది, వెనకాల లారీ ఇంజన్ల రొద. "బలే సెప్పినారండి. నాను తోలడం నేదు గాని, కడుగుతాను లెండి ఆ రథాన్ని! ఇక్కడ మా లారీ వోళ్లందరికీ స్పీకర్లో ఎట్టి ఇనిపించినాను. ఈళ్లొక్కటే అడగమంటన్నారు. ఆ కౌలోడు మళ్లీ ఇంటికెప్పుడొస్తాడండి?"

సూర్యుడి రథం ఎక్కడా ఆగదు. పురాణాలు ఔపోసన పట్టిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

"హలో... ఏమిటీ? వినపడటం లేదు నాయనా" అన్నాడు దాసుగారు. "సిగ్నల్ లేనట్టుంది."

"అదేటండీ, నాకే ఇక్కడికి ఇనబడతన్నాది కదా..." అనబోయి లక్ష్మణమ్మ ఆయన ముఖం చూసి ఆగింది. తర్వాత ఫోను తీసుకుని, "దాసుగోరు అలిసిపోనారు. నువ్వు తినేసి తొంగో" అని పెట్టేసింది.

చాట ముందుకు చాపింది.

"కోటా బియ్యమండి. ఈయేడు మాకు పండిందేటీ నేదు. ఒట్టి సేతుల్తో మిమ్మల్ని పంపించీడానికి మనసొప్పలేదు."

దాసుగారు కొత్త శాలువా తీసి పక్కన పెట్టి, పాత ఉత్తరీయం పట్టాడు. వద్దనడానికి ఆయనకు ముఖం లేదు.