నా సవరణకు నా ఓటు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నన్ను నేను వెనకేసుకొచ్చే మాట ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి. ఇరవై ఏళ్లు కోర్టుల్లో వకీలుగా, మూడేళ్లు చట్టసభలో సభ్యుడిగా మాటలు అమ్ముకుని బతికినవాణ్ణి. ఆ అలవాటు ఒక్కరోజులో పోదు.

సభలో నన్ను అందరూ 'వాయిదాల బాబు' అంటారు. కోర్టు వాయిదాల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడనని వాళ్ల వేళాకోళం. నేను లేచి నిలబడితే చాలు, వెనక వరసల వాళ్లు "అయిపోయాం రా, ఇవాళ భోజనానికి వెళ్లినట్టే" అని గొణుక్కునేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. లోపల కాస్త గర్వంగానే ఉండేది. ఆ వాయిదాల వెనక మా అక్క ఉందని వాళ్లకు తెలియదు.

అక్క ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. పదకొండేళ్ల క్రితం మందుల గదిలో ఆరు ఇంజక్షన్ల పెట్టెలు తగ్గాయి. ఆ పూట తాళాలు అక్క దగ్గర ఉన్నాయి. ఇంకేముంది, దొంగ అన్నారు, ఉద్యోగంలోంచి తీసి పక్కన కూర్చోబెట్టారు. కింది కోర్టులో ఆ కేసు నేనే వాదించాను. రెండేళ్లలో తేలిపోయింది. ఈమె తప్పేమీ లేదని జడ్జిగారు తీర్పులో స్పష్టంగా రాశారు. ఆసుపత్రి వాళ్లు పై కోర్టుకు అప్పీలు చేసుకున్నారు. ఆ అప్పీలు తొమ్మిదేళ్లుగా అక్కడే పడి ఉంది. అది తేలేదాకా అక్కను పనిలోకి రానివ్వరు. ఈలోగా అక్క ఒక దర్జీ దుకాణంలో బడిపిల్లల చొక్కాలకు గుండీలు కుడుతోంది. పదవీ విరమణకు ఇక పద్నాలుగు నెలలే ఉన్నాయి.

"ఒక్కరోజు మళ్లీ వార్డులో డ్యూటీ చేసి, సంతకం పెట్టి ఇంటికొస్తే చాలురా. దొంగగా మాత్రం రిటైరవ్వను" అనేది.

న్యాయస్థానాల సంస్కరణ బిల్లు సభకు వచ్చినప్పుడు దానికి నేనొక సవరణ ఇచ్చాను. మొత్తం అయిదు లైన్లు. కింది కోర్టులో గెలిచి కూడా అప్పీలు వల్ల ఉద్యోగానికి దూరమైన వాళ్ల కేసులను ఆరు నెలల్లో విని తేల్చాలి, అంతే. అక్కకు ఫోనులో చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

"ఇందులో నేనున్నానురా" అంది.

"నీలాంటి వాళ్లు నాలుగు వేలమంది ఉన్నారక్కా."

"అయితే మరీ మంచిది. నా ఒక్కదానికోసం చట్టం మార్చావంటే బాగోదు" అని నవ్వింది. చర్చ రోజు సందర్శకుల గ్యాలరీలో కూర్చోవడానికి పాసు తీసి పంపాను.

బయటివాళ్లకు తెలియని ఆనవాయితీ ఒకటి సభలో ఉంది. అధికార పక్షం సభ్యుడు ఎలాంటి సవరణైనా ఇవ్వొచ్చు, దానిమీద నిప్పులు కక్కుతూ మాట్లాడొచ్చు. తర్వాత మంత్రి లేచి ఆహా అంటాడు, తప్పకుండా పరిశీలిస్తామంటాడు. సభ్యుడు మళ్లీ లేచి, మంత్రిగారి హామీతో తృప్తిపడి సవరణ వెనక్కి తీసుకుంటున్నానంటాడు. ఉపన్యాసం పేపర్లో పడుతుంది, బిల్లు ఎలా వచ్చిందో అలాగే వెళ్తుంది. మంత్రికి నొప్పి లేదు, సభ్యుడికి పేరు. నేను కూడా రెండుసార్లు ఆ పని చేసినవాణ్ణే. ఈసారి మాత్రం చెయ్యననుకున్నాను.

ఆ పొద్దున క్యాంటీన్‌లో మా పార్టీ విప్ నన్ను పట్టుకున్నాడు. మాలో ఎవరు ఎటు ఓటెయ్యాలో చెప్పేది ఆయనే. టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇవాళ ఎంతసేపైనా మాట్లాడవయ్యా, నీ ఇష్టం. తర్వాత వెనక్కి తీసేసుకో."

"ఈసారి కుదరదండీ. ఓటింగుకు పెడతాను."

"పెట్టి? ఆరు నెలల్లో అన్ని కేసులు వినడానికి జడ్జీలెక్కడున్నారు? మంత్రిగారి ప్రాణాలు తియ్యడానికి కాకపోతే!" టీ ఊదుకుంటూ గొంతు తగ్గించాడు. "వచ్చే నెల మంత్రివర్గంలో మార్పులున్నాయి. న్యాయశాఖలో సహాయమంత్రి కావాలి. జాబితా నేను చూశాను. మొదటి పేరు నీదే."

ఎవరైనా వింటున్నారేమోనని నేను చుట్టూ చూశాను.

"నువ్వే అక్కడ కూర్చుంటే, ఈ అయిదు లైన్లేం ఖర్మ, చట్టం మొత్తం రాసుకో" అన్నాడు. నాకు నేను చెప్పుకోబోయే మాటను ఆయనే వండి వడ్డించాడు.

"చూద్దాం లెండి" అన్నాను. నిజానికి ఆ 'చూద్దాం'తోనే అంతా అయిపోయింది. ఆయన ఇంకేమీ అడగకుండా టీ తాగేసి లేచాడు. నేను అక్కడే కూర్చుని లెక్క వేసుకున్నాను. వెనక్కి తీసుకోవడమంటే ఒక్క వాక్యం. ఆ గోలలో అక్కకు వినపడదు, వినపడినా అర్థం కాదు. సాయంత్రం కలిసినప్పుడు, "వాళ్లు ఒప్పుకోలేదక్కా" అని నిట్టూరిస్తే సరిపోతుంది. నన్ను చదివించిన మనిషి గురించి, ఆమె తమ్ముడు టీ బల్ల దగ్గర వేసుకున్న లెక్క ఇది. రాస్తుంటేనే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్క గంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. ఇస్త్రీ బట్టలు, కొత్త చెప్పులు. తనిఖీ చేసేవాళ్లు సంచీ, ఫోను, ఆఖరికి కళ్లజోడు డబ్బా కూడా తీసుకున్నారట.

"చప్పట్లు కొట్టకూడదట, లేవకూడదట, మాట్లాడకూడదట. ఒరేయ్, దగ్గొస్తే ఏం చెయ్యనురా?"

"మెల్లిగా దగ్గుకో అక్కా."

"ఆపరేషను గది ముందు కూడా ఇంత చాదస్తం ఉండదు" అంటూ నా కాలరు సరిచేసింది. "కంగారుపడకు. మధ్యలో నీళ్లు తాగు. చిన్నప్పట్నుంచీ గబగబా మాట్లాడతావు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఇంటికి వెళ్లిపో అక్కా, ఇవాళ నేను చేసే పని నువ్వు చూడొద్దు అని. గ్యాలరీ మెట్లు అటు అని చూపించి సభలోకి వెళ్లాను.

ఇక నా ఉపన్యాసం. అది బాగా వచ్చింది, అదే నా ఖర్మ. పేరు చెప్పకుండా ఒక నర్సు కథ చెప్పాను. తీర్పు కాగితాన్ని పట్టుకుని తొమ్మిదేళ్లుగా ఆమె చొక్కాలకు గుండీలు కుడుతోందని చెప్పాను. నిర్దోషి అని కోర్టే చెప్పాక కూడా ఆమె ఎదురుచూడాలంటే, ఆ శిక్ష ఎవరు వేసినట్టని అడిగాను. వెనక వరసల్లో గొణుగుడు ఆగిపోయింది. నా పక్క సీట్లో కొత్త సభ్యురాలు, మా పార్టీయే, నిన్నమొన్నటి దాకా బడిలో పాఠాలు చెప్పింది కాబట్టి అందరం టీచరమ్మ అంటాం, కళ్లు తుడుచుకుంది. ప్రతిపక్షం వాళ్లు కూడా బల్లలు చరిచారు. తలెత్తి చూస్తే గ్యాలరీలో రెండో వరసలో అక్క, చేతులు ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చుని ఉంది. సిగ్గులేకుండా నాకు కూడా కన్నీళ్లు వచ్చాయి. ఏం చెయ్యబోతున్నానో తెలిసి కూడా వచ్చాయి.

మంత్రి లేచాడు. ఇంత గొప్ప ప్రసంగం ఈ మధ్య వినలేదన్నాడు. ప్రభుత్వం సానుభూతితో పరిశీలిస్తుందన్నాడు. నేను లేచి, ఆ ఒక్క వాక్యాన్ని వీలైనంత చిన్న గొంతుతో అనేశాను. సభాపతి అలవాటు ప్రకారం, "వెనక్కి తీసుకోవడానికి సభ అనుమతిస్తోందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తర్వాతి కాగితం తీస్తున్నాడు.

"అనుమతించడం లేదు" అని ఎదుటి వరసలోంచి ఎవరో అన్నారు.

ప్రతిపక్షంలో అందరికన్నా పెద్దాయన, అందరూ తాతగారు అని పిలిచే మనిషి, కర్ర ఆనించుకుని లేచి నిలబడ్డాడు. ఒక్కరు కాదన్నా సవరణను ఓటింగుకు పెట్టి తీరాలి. ఆ నియమం పుస్తకంలో ఉందని నాకూ తెలుసు గానీ, ఎవరైనా వాడగా నేను చూడలేదు.

"నాయనా" అన్నాడు తాతగారు నావైపు తిరిగి, "అంత బాగా చెప్పాక వెనక్కి తీసుకోవడమేమిటి? మొహమాటపడుతున్నట్టున్నావు. మేమంతా నీకే వేస్తాం." వెటకారం లేదు ఆ మాటలో. నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు పాపం!

గంట మోగింది. బయట ఉన్నవాళ్లు లోపలికి పరుగెత్తుకొచ్చారు, తలుపులు మూశారు. విప్ నా వెనకగా వెళ్తూ భుజం మీద చెయ్యి వేసి తీశాడు, అంతే. ఎదురుగోడ మీద పెద్ద బోర్డు వెలిగింది. సభలో కుర్చీలు ఎలా ఉన్నాయో బోర్డు మీద దీపాలు కూడా అదే వరసలో ఉంటాయి. ఎవరి దీపం ఏదో చంటిపిల్లాడికైనా తెలుస్తుంది, ఇక గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు చెప్పేదేముంది? అవునంటే పచ్చ, కాదంటే ఎరుపు.

టీచరమ్మ టక్కున పచ్చ నొక్కింది. నా వెనక వరసలో ఇద్దరు మావాళ్లు కూడా పచ్చే నొక్కారు. నేను ఎరుపు నొక్కాను.

నేను రాసిన అయిదు లైన్లకు, మా అక్కకు, నేనే కాదని ఓటేశాను. తల ఎత్తలేదు. వెనక ఇద్దరూ బోర్డు మీద నా దీపం చూసి, ఏదో అర్థమైనట్టు, గడువు ముగిసేలోగా పచ్చ మార్చి ఎరుపు చేసుకున్నారు. బోర్డు మీద అంకెలు పడ్డాయి. అనుకూలం నూట పదిహేడు, వ్యతిరేకం నూట ఇరవై ఒకటి.

టీచరమ్మ కంగారుగా నావైపు వంగింది.

"మీరు పొరపాటున ఎరుపు నొక్కారండీ! ఫలితం ఇంకా చదవలేదు. పొరపాటైతే చీటీ రాసిస్తే మారుస్తారు, మొన్న నాకు చెప్పారు." బల్ల సొరుగులోంచి చీటీ తీసి, పెన్ను మూత కూడా తనే తీసి నా ముందు పెట్టింది. "వెనక వాళ్లిద్దరూ మిమ్మల్ని చూసే మార్చారు. మీరు రాస్తే వాళ్లూ రాస్తారు. నెగ్గుతుందండీ. రాయండి, త్వరగా!"

ముగ్గురం. నూట ఇరవై, నూట పద్దెనిమిది. లెక్కల్లో నేనెప్పుడూ తప్పలేదు. చీటీ నా చేతి కింద ఉంది. సభాపతి కళ్లజోడు పెట్టుకుంటున్నాడు. మూడు వరసల అవతల నుంచి విప్ నన్నే చూస్తున్నాడు.

"పొరపాటు కాదండీ" అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

టీచరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చీటీ తీసుకుంది, పెన్నుకు మూత పెట్టుకుంది, కుర్చీ కొంచెం అటు జరుపుకుంది. ఒక్క మాట అన్నా బాగుండేది. సభాపతి ఫలితం చదివాడు. సవరణ వీగిపోయింది.

సభ ముగిశాక పరుగులాంటి నడకతో గేటు దగ్గరికి వెళ్లాను. దారిలో ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాను. పార్టీ క్రమశిక్షణ, జడ్జీల కొరత, వచ్చే నెల నా చేతికి వచ్చే అధికారం. ఒకదాని తర్వాత ఒకటి కోర్టులో వాదనలు పేర్చుకున్నట్టు పేర్చుకున్నాను. అక్క తన సంచీ, ఫోను తీసుకుని, కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంటోంది.

"అక్కా, అది కాదు, అసలేమైందంటే..."

"వద్దురా" అంది. కోపం లేదు. వార్డులో రోగికి చెప్పినట్టు చెప్పింది. "బోర్డు కనపడుతూనే ఉంది. నాకు రంగులు తెలుసు."

కళ్లజోడు డబ్బా సంచీలో వేసుకుంది.

"నువ్వు మాట్లాడుతుంటే నా పక్కన కూర్చున్నావిడ ఏడ్చేసిందిరా. ఆవిడ కొడుకుదీ ఏదో కేసుందట. ఎవరండీ ఆయన అని గుసగుసగా అడిగింది. మాట్లాడకూడదని చెప్పారు కదా, అయినా ఆగలేక, మా తమ్ముడండీ అన్నాను." అక్క సంచీ జిప్పు లాగింది, అది సగంలో ఆగిపోయింది. మళ్లీ లాగింది. "ఆ ఎరుపు వెలగ్గానే ఆవిడ తిరిగి నన్ను చూసింది. ఏమీ అనలేదు. చూసిందంతే. ఆ పెట్టెలు పోయిన రోజు ఆసుపత్రి అంతా నిలబడి నన్ను దొంగ అంటుంటే, తలెత్తుకునే గేటు దాటానురా నేను. ఇవాళ ఆ మెట్లన్నీ తల వంచుకుని దిగాను."

నాకు తల తీసేసినట్టయింది. కాళ్ల మీద పడదామనుకున్నాను. చుట్టూ పోలీసులు, సభ్యులు, కెమెరాలు. ఎవరైనా చూస్తారేమోనని పడలేదు. ఆ క్షణంలో కూడా నాకు వచ్చిన ఆలోచన అదే, ఎవరైనా చూస్తారేమోనని.

"కారెక్కు అక్కా, ఇంటి దగ్గర దింపుతాను" అన్నాను.

అక్క కారు వైపు చూసింది, ముందు కట్టిన పార్టీ జెండా వైపు చూసింది.

"మా వీధిలో అందరూ టీవీ పెట్టుకుని కూర్చున్నార్రా, నేనే పెట్టుకోమన్నాను" అంది. "నువ్వు రావద్దు. నేను బస్సులో వెళ్తాను."