మూడు సంతకాలు

కుడిచేతిని తొడకింద నొక్కిపెట్టి, ఎడమచేత్తో చెక్కులు తిరగేస్తున్నాడు గణేశ్వరరావు. గోల్ ఘర్ బ్యాంకులో ముప్పై ఏళ్లుగా ఆయన పని సంతకాలు పోల్చి చూడడమే. నెల్లాళ్లుగా ఆ కుడిచెయ్యి ఒణుకుతోంది. ఇన్నాళ్లూ ఎలాగో దాచాడు. ఈ రోజు నాలుగింటికి మాత్రం కొత్త మేనేజరు ముందు కూర్చుని, నమూనా సంతకాల కార్డు మీద మూడు సంతకాలు పెట్టాలి. మూడూ ఒక్కలా ఉండాలి, పాతదానితో కలవాలి. కలవకపోతే ఈ కుర్చీలో ఎవరు కూర్చోనిస్తారు? రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది. దేవుడా, ఆ ఎనిమిది నెలలూ ఆగలేకపోయిందా ఈ చెయ్యి!

ఒకప్పుడు ఎలాంటి చెయ్యి! ఇరవయ్యో ఏట భీమిలి నుంచి రంగుల డబ్బాలతో వచ్చి ఈ దీవిలో ఓడ దిగాడు. జంగ్లీఘాట్ రేవులో పడవలకి పేర్లు రాశాడు, ప్రతి పేరు కిందా ఒక అల గీసేవాడు. పడవ నీళ్లమీద ఊగుతున్నా గీత చెదిరేది కాదు. పెళ్లయ్యాక, రంగులు అన్నం పెడతాయో పెట్టవోనని భయపడి బ్యాంకు పరీక్ష రాశాడు. కుంచెలు కడిగి అటకెక్కించాడు, మళ్లీ దించలేదు.

కౌంటరు దగ్గరికి జాలరి నూకన్న వచ్చాడు. ఆయన పడవ మీద పేరు కూడా గణేశ్వరరావు రాసిందే.

"ఏటి గణేశా, పడవ మీద పేరు సెరిగిపోనాది. ఎప్పుడు రాస్తావు?"

"చూద్దాంలే మావా."

"పదేళ్ల నుంచీ సూద్దామే! అరే భయ్యా, నానుండగా రాస్తావా, పోయాకా?"

గణేశ్వరరావుకి నవ్వు రాలేదు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

నాలుగింటికి మేనేజరు సుమ కార్డు ముందుకి జరిపింది. కూతురి ఈడుది.

"ఆరామ్‌గా పెట్టండి సార్, జల్దీ ఏం లేదు."

పెన్ను కాగితాన్ని తాకగానే చెయ్యి ఒణికింది. ఆమె చూస్తోంది. ఏం చెయ్యాలో తోచక ఎడమ పిడికిలి బల్లమీద పెట్టి, దానిమీద మణికట్టు ఆనించాడు. పడవల మీద రాసేటప్పుడు అలాగే ఆనించేవాడు. చెయ్యి ఆగింది! అమ్మయ్య అనుకుంటూ మూడూ పెట్టేశాడు.

సుమ పాత కార్డు పక్కన పెట్టుకుని చూసింది.

"మూడూ ఒక్కలాగే ఉన్నాయి సార్. చాలా బాగున్నాయి. కానీ ఇది మీ సంతకం కాదు కదా?"

అప్పుడు చూసుకున్నాడు. పాతది ఇంగ్లీషులో గబగబా గీకిన గీత. ఇవి గుండ్రటి తెలుగు అక్షరాలు.

"నాదేనమ్మా. బ్యాంకులో చేరకముందుది," అన్నాడు. "చెయ్యి ఒణుకుతోందమ్మా. నెల్లాళ్లుగా దాస్తున్నాను. రేపట్నుంచి సెలవు పెడతాను. ఇక రాను."

తాళాలు అప్పగించి, టిఫిన్ క్యారియరు తీసుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆయన ఫోనులో మాట్లాడడం సుమకి వినబడింది.

"మావా, పడవ ఒడ్డుకి లాగించి ఉంచు. పొద్దున్నే వస్తాను."

ఆమె కార్డు చించబోయి ఆగిపోయింది. దాని మీద మూడుసార్లు గణేశ్వరరావు, మూడు పేర్ల కిందా ఒక్కో అల.