ఉప్పు వేయని పప్పు

హుస్సేనీ ఆలంలో పప్పుల టోకు దుకాణం నడిపే విశ్వేశ్వర్ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తాండూరు వైపు నుంచి కంది రైతు బసవయ్య ఏటా కొత్త కంది చేతికి రాగానే, ఇంట్లో విసిరిన పప్పు సోలెడు మూటగట్టుకొని వస్తాడు. విశ్వేశ్వర్ భార్య నాగమణమ్మ దాన్ని ఉప్పు వేయకుండా ఉడికించేది. ఉప్పు పడితే పప్పు అసలు రుచి తెలియదని ఆమె మాట. ముగ్గురూ తలా ఒక ముద్ద తిన్నాకే రేటు సంగతి. ఇరవై రెండేళ్లు అలాగే సాగింది.

నిరుడు శ్రావణంలో నాగమణమ్మ పోయింది. ఈసారి మూట విప్పి, పప్పు కడిగి, పొయ్యి మీద పెట్టింది విశ్వేశ్వరే.

బసవయ్యకు ఎలా చెప్పాలా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాడు. బయటి దేశాల కందులను సుంకం లేకుండా దించుకోవచ్చన్న సడలింపును మరో ఏడాది పొడిగించారు. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చే పప్పు బసవయ్య పప్పు కంటే చవక. తన దగ్గర సరుకు తీసుకునే చిల్లర దుకాణాలవాళ్లు అదే పంపమంటున్నారు. బసవయ్య పంట కొంటే అమ్ముకునే దారి లేదు. కొననని చెబితే, ఈ ఇంట్లో తనతో కూర్చుని తినే ఒక్క మనిషీ ఇక రాడు.

ముందుగదిలోంచి బసవయ్య కేకేశాడు.

"ఏందన్నా, పప్పు ఉడుకుతున్నదా, నువ్వు ఉడుకుతున్నవా?"

"అయింది. కూసో."

ఇద్దరికీ వడ్డించాడు. బసవయ్య ముద్ద నోట్లో పెట్టుకొని ఆగాడు.

"అన్నా, ఉప్పేసినవ్."

విశ్వేశ్వర్ తనూ ఒక ముద్ద తిని చూశాడు. ఇన్ని నెలలుగా ఒక్కడికోసం వండుకుంటున్న చెయ్యి, తనకు తెలియకుండానే వేసింది.

"అలవాట్ల పడ్డది. మూటల ఇంక పప్పున్నది, మళ్ల పెడుత."

"పెట్టి ఏం జేస్తవ్? కొనేటోనివైతే వదినె పద్ధతి మర్చిపోదువా?" బసవయ్య గొంతులో కోపం లేదు. "చెప్పు. ఓడ పప్పేనా?"

"ఓడ పప్పే."

"గా దేశపోళ్లు గూడ నా లెక్క ఎకరం, రెండెకరాలోళ్లే ఉంటరేమో. తిట్టబుద్ధి గాదు."

గిన్నె దగ్గరికి జరుపుకొని ఇంకో గరిటె వేసుకున్నాడు. వచ్చే ఏడు కంది మానేసి మక్కజొన్న వేస్తాడట. మక్కలు ఊళ్లోనే కొంటారు, పట్నం రావలసిన పని ఉండదు.

"పనుంటెనే వస్తవా? ఊకె రారాదా?"

"ఊకె ఎట్ల వస్తరన్నా? ఇంట్ల ఏమని చెప్పి బస్సెక్కాలె?"

విశ్వేశ్వర్ మిగిలిన పప్పు మూట మళ్లీ ముడివేశాడు. తర్వాత, "నాకు తినెతందుకు పది కిలోలన్న పంపు" అన్నాడు.

"ఒక్క పానానికి పది కిలోలా? పురుగు పడ్తది. రెండు చాలు."

బసవయ్య లేచి తన కంచం తానే కడిగి బోర్లించాడు. ఈ ఇంట్లో ఆ పని అతను ఎన్నడూ చేయలేదు. మలక్‌పేట మార్కెట్‌లో ఇంకెవరినైనా అడిగి చూస్తానని మెట్లు దిగాడు. విశ్వేశ్వర్ సందు మలుపుదాకా తోడు వెళ్లి, అతను ఆటో ఎక్కేదాకా నిలబడ్డాడు.

దుకాణానికి వచ్చి, ఓడ పప్పు పంపమని దళారికి ఫోన్ చేశాడు. ఎన్ని బస్తాలని అవతలి మనిషి రెండుసార్లు అడగవలసి వచ్చింది.