మునిరత్నమ్మ పరిచిన చింతగింజలు

పక్కింటి వరలక్ష్మమ్మ చెప్పినదాన్ని బట్టి, సుబ్రమణ్యం సారు పొద్దున్నే పూతలపట్టు కూడలిలో కారాపి, మునిరత్నమ్మ కూతురు ఇంకా ఆ ఇంట్లోనే ఉండాదా అని టీ అంగడి గోవిందును అడిగినాడంట. "పోయిన తూరి పదకొండు నెల్లుండి, ఎవురికి ఎవురు ఏమవుతారో అంతా రాసుకోని పాయ. ఇప్పుడింకేం మిగిలిందంట ఎస్తేరూ?" అని కూడా అడిగింది.

ఎస్తేరుకు నవ్వొచ్చింది. ఆయన వచ్చినప్పుడు తనకు పన్నెండేళ్ళు. మనుషుల బతుకుల్ని చదివే చదువొకటి ఉందని ఊరికి ఎడంగా ఉన్న తమ వాడకు ఆయన వల్లే తెలిసింది. ఊరి పెద్దలు వద్దన్నా వినక వాడలోనే మకాం పెట్టి, అమ్మ చేతి రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి తిన్నాడు. "జనాన్ని అడిగితే ఒకటి చెప్తారు, చేసేది ఇంకొకటి. వంటింటి గడప దగ్గర కూర్చుంటే గానీ తెలీదు" అనేవాడు.

అక్కడ కూర్చుని కూడా లెక్క తప్పాడు. వాడలో మనిషికి ఇంట్లో పిలిచే పేరొకటి, చర్చిలో పెట్టిన పేరొకటి. ఒక ఇంట్లో వెంకటముని అని రాసుకున్న మనిషినే ఇంకో ఇంట్లో జోయల్ అని రాసుకుని, ఒక్కణ్ణి ఇద్దరు అన్నదమ్ముల్ని చేసి పెట్టాడు. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. అలికిన నేల మీద మగవాళ్ళకు చింతగింజలు, ఆడవాళ్ళకు చెనక్కాయలు పెట్టుకుంటూ ముత్తాతల కాలం నుంచి వాడలోని చుట్టరికాలన్నీ పరిచింది. "సూడు నాయనా, గింజ ఒకటే. పిలుపులే రెండు."

ఆ రోజు సారు రాసుకోవడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆయన పుస్తకానికి పేరొచ్చింది ఆ గింజల పటంతోనే.

తిరుపతిలో డిగ్రీ చదివే ఎస్తేరు కూతురు నిస్సీ పోయిన నెల కాలేజీ లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చింది. "మా, గింజలుండాయి, సంగటుండాది, అవ్వ పేరు మాత్రం యాడా లేదు. ఎవురో లక్షుమ్మంట." అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమె పేరు అచ్చులో ఉన్నది ఆధార్ కార్డు మీద ఒక్కటే. సారు వస్తే ఈ ఒక్కటే అడగాలని ఎస్తేరు ఆనాడే అనుకుంది.

మధ్యాహ్నానికి సారు చేతికర్రతో వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని, కష్టపడి వంగి వంటింటి గడప దగ్గరే చతికిలబడ్డాడు. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మీ అమ్మ చేతి వాసనే ఎస్తేరూ. పుస్తకం మళ్ళీ అచ్చేస్తున్నారు. ముందుమాట ఈడ కూర్చొని రాద్దామని వచ్చినా."

"అయితే మా అమ్మ పేరు పెట్టండి సార్. లక్షుమ్మ కాదు, మునిరత్నమ్మ."

సారు ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "మా చదువులో అదొక నియమం తల్లీ. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చే రాస్తాం. మీకే ఇబ్బందీ రాకూడదని."

గోడకానుకుని నిలబడ్డ నిస్సీ తల్లి వైపు చూసింది. ఎస్తేరు గిన్నెలో మిగిలిన ఊరిబిండి ఆయన పళ్ళెంలో వడ్డించింది.

"అట్ట మీద మీ పేరు మార్చలేదే సార్."