నోరు తెరవని బఠాణీ

శనివారంలోగా బఠాణీ పళ్లు తోమించుకోవాలి, లేదంటే ఇక వరండాలోనే పడక. ఇది మా అత్తగారి తీర్పు. శిక్ష కుక్కకి కాదు, మామగారికి. ఆ గుప్పెడు ప్రాణి పక్కన లేకపోతే ఆయనకి కునుకు పట్టదు.

అత్తగారిదీ తప్పనలేను. దాని నోటి కంపు భరించలేక ఆవిడ నెలరోజులు వేరే గదిలో పడుకున్నారు. పోయిన వారం పశువుల డాక్టరమ్మ దానికి మత్తిచ్చి, పళ్లకు పట్టిన గారంతా గీకి తీశారు. "చిన్న కుక్కలకి పళ్లు ఇరుకు. రోజూ తోమకపోతే మళ్లీ మొదటికొస్తుంది. మన పేస్టు మాత్రం వద్దు, ఇవి ఉమ్మవు, మింగేస్తాయి" అని కుక్కల పేస్టూ బుల్లి బ్రష్షూ ఇచ్చారు.

"ముప్ఫై ఏళ్లు మనుషుల పళ్లే బాగుచేశాను, దీనివెంత!" అన్నారు మామగారు. రిటైరైన పళ్ల డాక్టరు మరి!

తంటా అక్కడే వచ్చింది. బఠాణీని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు కట్టి, మొహం మీద టార్చి వేసి, "నోరు పెద్దగా తెరువు! ఇంకా! ఇంకా!" అని అలవాటు కొద్దీ కేకేశారు. అది మంచం కిందికి ఒకటే పరుగు. ఐదు రోజులపాటు అదే వరస. రచ్చ గెలిచిన మనిషి ఇంట గెలవలేక కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

శనివారం పొద్దున్నే డాక్టరమ్మకి నేనే ఫోన్ చేసి, మామగారికీ వినబడేలా స్పీకర్‌లో పెట్టాను.

"నోరు తెరవమని ఎవరు చెప్పారమ్మా?" ఆవిడకి నవ్వు ఆగలేదు. "మూసే ఉండనివ్వండి. పెదవి ఎత్తి బయటి వైపు తోమితే చాలు. లోపలి సంగతి చాలావరకు నాలుకే చూసుకుంటుంది."

అప్పుడు చూడాలి మామగారి మొహం! గబగబా నేల మీద చతికిలబడి బఠాణీని ఒళ్లోకి తీసుకున్నారు. వేలికి పేస్టు రాసి నాకనిచ్చారు. ఆ వేలితోనే మెల్లగా పెదవి ఎత్తారు.

"ఏం లేదు నాన్నా, ఏం లేదు... అయిపోయింది."

ఆయన గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు తెలీదు. బ్రష్షు కోరపన్నుకి ఆనింది. బఠాణీ కదల్లేదు! కుడి దవడ అయింది. ఎడమ దవడ! తోక కూడా ఊపుతోంది!

"అత్తయ్యా, తొందరగా రండి!" ఇల్లెగిరిపోయేలా అరిచాను.

ఆవిడ గుమ్మంలో నిలబడి చివరిదాకా చూశారు. తర్వాత వంగి, దాని నోరు వాసన చూశారు. మామగారూ నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"సరే, లోపలే పడుకోనివ్వండి."

మామగారు గంతేసినంత పని చేశారు. అత్తగారు మాత్రం వెళ్లలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ ఆయనకి తన పళ్లు చూపించుకోని మనిషి, మెల్లగా వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చున్నారు.

"కుడివైపు పై పన్ను ఆర్నెల్లుగా సలుపుతోందండీ. కాస్త చూడండి. అరవకుండా, ఇందాక చూసినట్టే" అని నోరు తెరిచారు.