అరిచే తలుపు

నూనె తాత ముసలి లేత్ మెషీన్ మీదికి వంగి, దాని చెవిలో రహస్యం చెబుతున్నట్టు డబ్బా మూతిని రంధ్రంలో పెట్టి, బొటనవేలితో అడుగు నొక్కాడు. టక్కుమంది.

"తాగవే మహాతల్లీ. పళ్లూడినా నఖరాలు తగ్గలేదు నీకు."

ఆ వృత్తి శిక్షణ పాఠశాల వర్క్‌షాపులో తిరిగేదీ, జారేదీ, మూసుకునేదీ ఏదైనా ఆయన చేతి నూనె తాగాల్సిందే. అరచేతి గీతల్లోకి నలుపు దిగిపోయింది. మనిషి మలుపు తిరగకముందే వాసన వచ్చి పలకరించేది. "నిన్ను పిండితే డబ్బా నిండుతుంది. నీ బట్టలు మాత్రం నువ్వే ఉతుక్కో" అనేది భార్య. ఉతుక్కునేవాడు.

ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేస్తారు. తన గురించి నాలుగున్నాయా అని ఆయనకే అనుమానం.

అన్నిటికీ నూనె పోసిన ఆ మనిషి, మూలనున్న సామాన్ల గది తలుపుకి మాత్రం ఏళ్ల తరబడి చుక్క విదల్చలేదు. దాని అరుపు సామాన్యమైంది కాదు. వీధి చివర నిద్రపోయే కుక్క ఉలిక్కిపడి లేచి, చెయ్యని తప్పుకి తోకాడిస్తూ క్షమాపణ చెప్పుకునేది. ఓ గుమాస్తాకి ఆ అరుపు దెబ్బకి పంటిపోటు పోయిందంటారు, నమ్మకపోతే మీ ఇష్టం. వచ్చిన ప్రతి మాస్టారూ బతిమాలాడు.

"తాతా, దానికీ ఓ చుక్క పొయ్యకూడదూ?"

"నూనె అయిపోయింది బాబూ" అనేవాడు తాత, నిండు డబ్బా చేత్తో పట్టుకునే.

అసలు సంగతి భార్యకొక్కదానికే తెలుసు. చాలా ఏళ్ల కిందట ఓ అమ్మాయి ఆ గదిలోంచి తల వంచుకుని బయటికొచ్చింది. వెనకాలే అప్పటి మాస్టారు. తలుపు కిక్కురుమనలేదు, ముందురోజే తాత దానికి శ్రద్ధగా నూనె పెట్టాడు మరి. ఆ అమ్మాయి మర్నాడు రాలేదు. ఇక ఎప్పటికీ రాలేదు. ఆమె ఏప్రన్ ఏడాదంతా మేకుకి వేలాడింది. ఎవరూ ఏమీ అడగలేదు, తాతా అడగలేదు. అప్పటినుంచి ఆ తలుపుకి నూనె ఆపేశాడు. అది అరిస్తే అందరూ తలెత్తి చూస్తారు, అంతమంది చూస్తుంటే చెడ్డపనికి ఎవడికైనా చెయ్యాడదని ఆయన నమ్మకం.

రెండో మెషీన్ దగ్గర పిడుగు నిలబడి ఉంది. ఈ అమ్మాయి నోరు విప్పితే మెషీన్లు సిగ్గుపడి ఆగిపోతాయని ఆ పేరు పెట్టింది తాతే. ఈమధ్య మాట్లాడటం లేదు. తళతళలాడుతున్న మెషీన్‌నే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"ఏమే పిడుగూ, అందులో ముఖం చూసుకుంటున్నావా?"

"ఊరికే, తాతా."

"రేపటినుంచి ఈ ముసలాడి గోల వదుల్తుందిలే నీకు."

"నేనూ రేపటినుంచి రాను, తాతా. మానేస్తున్నా."

ఎందుకని అడిగేలోగా ఇప్పుడు అక్కడ పని నేర్పే చిన్న మాస్టారి కేక వినిపించింది. "ఇదిగో అమ్మాయ్, సామాన్ల గదిలోంచి పెద్ద స్కేలు పట్రా." పిడుగు కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. కాసేపటికి చిన్న మాస్టారూ అటే నడిచాడు.

తాత పక్క మెషీన్‌కి నూనె పోస్తూ ఓ చెవి అటు వేసి ఉంచాడు. అరుపు రాలేదు. తలెత్తి చూస్తే తలుపు మూసి ఉంది. పిడుగు వదిలేసిన మెషీన్ ఒంటరిగా, పనేమీ లేకుండా గిర్రున తిరుగుతోంది. తాత డబ్బా పక్కన పెట్టాడు.

దగ్గరికెళ్లాడు. తుప్పుపట్టిన తలుపు మడతబందులు తడిగా మెరుస్తున్నాయి. తాజా నూనె ఒక చారగా కిందికి కారింది. తను పోసింది కాదు. లాగితే తలుపు వెన్నలా వచ్చేసింది.

లోపల పిడుగు అల్మారాకి వీపు ఆనించి, ఇనుప స్కేలుని గుండెలకి అడ్డం పెట్టుకుని ఉంది. దారికడ్డంగా చిన్న మాస్టారి చెయ్యి. తాతని చూసి ఆ చెయ్యి వెనక్కి పోయింది.

"ఏం కావాలి తాతా?"

"తలుపు కావాలి బాబూ."

"ఏంటీ?"

"తలుపు. పట్టుకెళ్తా."

పిడుగు చప్పున ఇవతలికొచ్చి తాత వెనక నిలబడింది. తాత సుత్తి తీసి బందుల చీలల్ని కింది నుంచి కొట్టాడు. సునాయాసంగా పైకి లేచాయి. "ఎవరు పోశారో గానీ బాగా పోశారు బాబూ!" అన్నాడు. ఒక్కో మెషీనూ ఆగింది. అందరూ చూస్తుండగా చిన్న మాస్టారు స్టాఫ్ రూమ్ వైపు వెళ్లిపోయాడు.

తాత పిడుగు వైపు తిరిగాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు.

"ఏం జరిగిందమ్మా? చెప్పాలనుంటేనే చెప్పు. చెప్పకపోయినా నీ పక్కనే ఉంటా."

"మార్కులు వేస్తానంటూ నెల నుంచి ఇదే తాతా. ఇవాళ చెయ్యి పట్టుకున్నాడు." స్కేలు ఇంకా గుండెలకే ఆనించుకుని ఉంది. "మొన్నటిదాకా తలుపు అరిచేది. అరిస్తే అందరూ నవ్వేవాళ్లు. ఒక్కళ్లూ వచ్చి చూడలేదు."

తాత చేతిలో సుత్తి కిందికి దిగింది.

"నిజమే తల్లీ. తలుపు అరిస్తే చాలనుకున్నా. నేను వచ్చి అడగాల్సింది." సుత్తి పక్కన పెట్టి, "పెద్ద మేడంకి చెబుతావా?" అన్నాడు.

"నమ్ముతారా?"

"నమ్మేదాకా నేను కదల్ను. ఇవాళ నన్ను ఇంటికి పంపాలి కదా, వాళ్లకి మాత్రం వేరే దారేముంది?"

నలుగురు పిల్లలు తలుపెత్తుకున్నారు. పిడుగూ ఓ మూల పట్టుకుంది. పాఠశాల నడిపే పెద్ద మేడం గదిలోకి మనుషులకంటే ముందు తలుపే వెళ్లింది.

"ఏంటి తాతా ఇది?"

"ఇన్నాళ్లూ దీని అరుపు మీకు తలనొప్పి కదమ్మా. ఎవరో దీని నోరు మూశారు. ఎందుకో ఈ అమ్మాయి చెబుతుంది."

మేడం బందు తాకి, వేలికంటిన నూనె చూసుకుంది. మిగతావాళ్లని పంపేసి, కుర్చీ తెచ్చి పిడుగు పక్కనే వేసుకుని కూర్చుంది.

"తాతని ఉండమందామా?"

"ఉండమనండి."

పిడుగు చెప్పినంతసేపూ మేడం మధ్యలో అడ్డు రాలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఆఖర్న అంది: "ఇందులో నీ తప్పేమీ లేదు. నీ మార్కులు ఇంక ఆయన చేతిలో ఉండవు. విచారణ తేలేదాకా ఆయన వర్క్‌షాపు గడప తొక్కడు. మీ అమ్మని పిలిపించనా?"

"అమ్మకి నేనే చెప్పుకుంటానండీ."

సాయంత్రం ఆ నాలుగు మంచి మాటలు ఎవరికీ గుర్తు రాలేదు. మేడం మిగతా ఆడపిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి, చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా అని అడుగుతోంది. తాతకి అదే బాగుందనిపించింది. చెప్పులేసుకుంటుంటే పిడుగు వచ్చింది.

"రేపు వీటికి నూనె ఎవరు పోస్తారు తాతా?"

"నువ్వొస్తే నువ్వు పొయ్యి. రాకపోతే ఆ ముసల్ది గొంతెండి చస్తుంది. ఆ పాపం నీదే."

పిడుగు నవ్వింది, కొంచెమే. తాత డబ్బాని ముసలి మెషీన్ మీద పెట్టి, చేతులు లాల్చీకి తుడుచుకుని, వెనక గేటులోంచి వెళ్లిపోయాడు. దారి పొడుగునా బొటనవేలు ఖాళీ గాలిని నొక్కుతూనే ఉంది.

మర్నాడు వర్క్‌షాపుకి అందరికంటే ముందు వచ్చింది పిడుగే. మేకుకున్న తన ఏప్రన్ తీసి కట్టుకుంది. తలుపులేని సామాన్ల గదిలోకి ఎండ చివరిదాకా పరుచుకుని ఉంది. ముసలి మెషీన్ మీది నూనె డబ్బా పిడుగు చేతిలోకి వచ్చింది, అడుగున తాత బొటనవేలు అరగదీసిన తెల్లటి మచ్చతో, మూతి చివర అప్పుడే పుట్టిన చుక్కతో.