తండ్రికి బదులు వెళ్ళిన లుంగీ

నేను ఒక లుంగీని. నీలం గళ్ళ లుంగీని. లుంగీకి కూడా ఒక కథా అని మూతి తిప్పుకోకండి. ఒక ఆడపిల్లకి కొన్నాళ్ళు తండ్రి ఉద్యోగం చేశాను నేను. జీతం లేదు, సెలవు లేదు. ఆ ఉద్యోగం చేయాల్సినవాడు కొట్లో కూర్చుని మోటార్లకి రాగి తీగ చుట్టుకుంటుంటే, ఆయన బదులు నేను చేశాను.

చీరాల పక్కన ఒక మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన నేస్తున్నంతసేపూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉన్నాడు. నా నోటి దురుసు అక్కడిదే అయి ఉంటుంది. చేతులు మారి చిలకలూరిపేట బజారుకి చేరితే, ఏడుకొండలు నన్ను కొనుక్కున్నాడు. కాలిపోయిన బోరు మోటార్లకి వైండింగు చేసే మనిషి. మంచివాడు. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను తిట్టబోయేది ఆయన్నే. రోజంతా కొట్లో నన్నే కట్టేవాడు. ఆయన చెమటా, వార్నిషు వాసనా నా పోగుల్లోకి బాగా ఇంకిపోయాయి.

ఆయన భార్య సుభాషిణి పురిటికి నరసరావుపేటలో పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తోందని సుభాషిణి తల్లి రత్తమ్మ వియ్యపురాలికి కబురు చేసింది. "అల్లుడుగారు కట్టి విడిచిన లుంగీ ఒకటి పంపండి వదినా. ఉతక్కుండా పంపండి. తండ్రి బట్ట పక్కలో ఉంటే పిల్ల జడుసుకోదు."

ఎంత చక్కటి ఆచారమో చూడండి! పిల్లకి తండ్రి వాసన కావాలని వాళ్ళకి తెలుసు. ఆ వాసన లుంగీకి ఎవరి ఒంటి నుంచి వచ్చిందో కూడా తెలుసు. అయినా లుంగీని పంపమంటారే గానీ, మనిషిని పంపమనడానికి ఒక్కరికీ నోరు రాదు.

ఇక మా ఇంట్లో జరిగిన ఘనకార్యం వినండి. ఏడుకొండలు తల్లి ఆదెమ్మకి పరువు ముఖ్యం. "వియ్యాలవారింటికి మురికి లుంగీ పంపుతామా? రేపు నన్నేమనుకుంటారు?" అని సబ్బు పెట్టి, బండకేసి బాది, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి మరీ పంపింది. పసిగుడ్డు పక్కలోకి గంజి లుంగీ! "ఉతకొద్దన్నారు కదమ్మా" అన్నాడు ఏడుకొండలు ఒకసారి. ఆవిడ వినిపించుకోలేదు. ఆయన మళ్ళీ అనలేదు.

అలా తండ్రి వాసన రవ్వంత కూడా లేకుండా వెళ్ళాను. పిల్ల నా మీదే పాలు కక్కింది, నా మీదే తడిపింది, నా అంచు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయింది. మెత్తబడ్డాను. ఏడుపు తగ్గింది. "చూశారా, తండ్రి బట్ట మహిమ!" అని రత్తమ్మ ఊరంతా చెప్పుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఏడుకొండలు పిల్లని చూడ్డానికి వచ్చేవాడు, వాళ్ళ నాన్న కోటయ్యని వెంటబెట్టుకుని. అల్లుడుగారికి హాల్లో కుర్చీ, పళ్ళెంలో జంతికలు. రత్తమ్మ గుమ్మంలో నిలబడి, బట్టల కొట్లో చీర చూపించినట్టు పిల్లని చూపించేది. నేను పిల్లకి చుట్టుకుని ఉన్నాను కాబట్టి అంతా చూశాను. ఆయన చేతులు ముందుకు వచ్చేవి పాపం. పక్కనే తన తండ్రి ఉన్నాడని గుర్తొచ్చి, ఆ చేతులే జంతిక అందుకునేవి. పెద్దల ముందు కన్నబిడ్డని ఎత్తుకుని ముద్దు చేయడం సిగ్గులేనితనమట మా ఇంట్లో. కనడానికి లేని సిగ్గు ఎత్తుకోవడానికి వచ్చిందన్నమాట! తాతకి మాత్రం ఏ అడ్డూ లేదు. కన్నకొడుకుని ఏనాడూ చంకనెత్తుకోని కోటయ్య, మనవరాలిని ఒళ్ళో వేసుకుని మీసాలు పీకించుకునేవాడు.

ఐదో నెలలో హారిక మా ఇంటికి వచ్చింది. అదే పిల్ల పేరు. నేనూ వెనక్కి వచ్చాను. తండ్రి దగ్గరికి వస్తే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. "కొత్త కదరా, అదే అలవాటవుతుందిలే" అంది ఆదెమ్మ. ఎలా అవుతుంది తల్లీ, అలవాటేమన్నా చెట్టుకి కాస్తుందా?

ఒక మధ్యాహ్నం సుభాషిణికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. అన్నానికి వచ్చిన ఏడుకొండలు చేతుల్లో పిల్లని పెట్టేసి, "ఎత్తుకోండి. మీ కూతురే, కరవదు" అంది. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆయన బెదిరిపోయి, పిల్ల పక్కలోంచి నన్ను లాగి భుజం మీద వేసుకున్నాడు. పిల్ల నాలో ముఖం దాచుకుని వెక్కుతూ వెక్కుతూ ఆగింది. అప్పుడే కొట్లోంచి వచ్చిన ఒళ్ళు కదా, ఆ చెమటా వార్నిషూ నాలోంచి దానికి సోకాయి. తలెత్తి ఆయన్ని చూసింది. చొక్కా గుండీ పట్టుకుంది. ఆయన గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు. "నాన్ననమ్మా... నేను నాన్నని" అంటున్నాడు, కళ్ళల్లో నీళ్ళు. నా బతుకులో నేను సంతోషపడింది ఆ కాసేపే. ఇక నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను, ఊడాలనే కోరుకున్నాను.

వీధి తలుపు తోసుకుని కోటయ్య వచ్చాడు. "ఏందిరా ఇది? ఆడంగిలాగా పిల్లనేసుకుని ఊగుతున్నావు? ఇటివ్వు, కొట్టుకి పో."

పిల్ల గుండీ వదల్లేదు. ఏడుకొండలే ఒక్కో వేలూ విడదీసి, దాన్ని తాత చేతుల్లో పెట్టాడు. ఛీ, ఆ క్షణంలో ఆయన భుజం మీద ఉన్నందుకు నాకే సిగ్గేసింది.

సుభాషిణి మంచం మీద నుంచి చూసింది. "ఇంకెప్పుడూ అడగన్లెండి" అంది. నిజంగానే అడగలేదు. ఆయనా అడగలేదు. పొద్దున పిల్ల లేవకముందే కొట్టుకి పోవడం, అది పడుకున్నాక రావడం ఆయనకి హాయిగా కుదిరిపోయింది.

పిల్ల పెరిగి నన్ను మరిచిపోయింది. అది న్యాయమే. నన్ను ముక్కలుగా చింపి కొట్లో పడేశారు. ఇప్పుడు నేను ఏడుకొండలు చేతులు తుడుచుకునే గుడ్డని.

మొన్న సుభాషిణి క్యారేజీ ఇవ్వడానికి హారికని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చింది. బడికి పోయే వయసిప్పుడు దానికి, నోట్లో మాటలు గలగలా. మోటారు కోసం కూర్చున్న రైతు ఒకాయన ముద్దుగా దాని గడ్డం పట్టుకుని, ఏడుకొండల్ని చూపించి, "ఈయన నీకు ఏమవుతాడమ్మా?" అన్నాడు.

ఏడుకొండలు తీగ చుట్టడం ఆపాడు.

"మా తాతయ్య వాళ్ళబ్బాయి" అంది పిల్ల, తడుముకోకుండా.

రైతు పగలబడి నవ్వాడు. "ఓసి నీ తెలివి తగలెయ్య, భలే చెప్పావే!" ఏడుకొండలు కూడా నవ్వబోయి, భార్య వైపు చూశాడు.

"తప్పేం చెప్పలేదుగా" అంది సుభాషిణి. క్యారేజీ బల్ల మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆయన నన్ను అందుకుని ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మోటారు సంగతేంటని రైతు అడుగుతున్నా, తుడుచుకుంటూనే ఉన్నాడు.